కప్పనోరు బానెట్టు కోసం కోనసీమకు

కోనసీమ వెళ్లొచ్చానని తెలియగానే మా కడప వీధిలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, పూతరేకులు తెచ్చావా అని. తేలేదు. నేను తెచ్చింది ఒక పాత అంబాసిడర్ కారు బానెట్టు. అది ఇప్పుడు మా కారు మీద కూర్చుంది. పోయిన వారం ఆ కారులోనే పుష్పగిరి వెళ్లి, పెన్న ఒడ్డున మా ఆయన ఏడాది కర్మ జరిపించి వచ్చాం. ఆ బానెట్టు కోసం తిరిగిన నాలుగు రోజుల సంగతి, ఆ వైపు వెళ్లని వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు కారు గురించి చెప్పాలి. అది మా మామగారిది. ఆయన డాక్టరు. మా ఆయన చంద్రశేఖర్ ఇంజనీరింగ్ చదివి, పెళ్లికి ముందు నాలుగేళ్లు రాజోలు దగ్గర తాటిపాకలో గ్యాసు పనుల్లో ఉద్యోగం చేశారు. వెళ్తూ వెళ్తూ కారు కూడా తీసుకెళ్లారు. అక్కడ పెట్రోలు ఇంజను పీకించి డీజిల్ ఇంజను పెట్టించారు. కొత్త ఇంజను పాతదానికంటే ఎత్తు. బానెట్టు మూత పడలేదు. అప్పుడు రాజోలులో ఒక రేకు పనివాడు ఆ బానెట్టు నడిమి భాగం కోసేసి, అక్కడ రేకును ఉబ్బెత్తుగా సాగగొట్టి, ముందుకు నోరు తెరిచినట్టు గాలి తూము ఒకటి కట్టాడు. ఇంజను దాని కింద ఇమిడింది, పోయే గాలి దాన్ని చల్లబరిచింది. దూరం నుంచి చూస్తే కప్ప నోరు తెరిచినట్టుంటుంది. మా ఇంట్లో దాని పేరు కప్పనోరు.

మూడేళ్ల క్రితం గాలివానకు వేపకొమ్మ విరిగి ఆ బానెట్టు మీద పడింది. రేకు అప్పడంలా నలిగిపోయింది. అప్పటి నుంచి మా ఆయన రోజూ సాయంత్రం మెకానిక్ మస్తాన్‌ను పిలిపించుకుని కారును కొత్తగా చేయడం మొదలుపెట్టారు. తలుపులు, సీట్లు, వైర్లు, అన్నీ అయ్యాయి. బానెట్టు ఒక్కటే మిగిలింది. "కోనసీమ పోదాం. బానెట్టు చూసుకుందాం, నీకు గోదావరి చూపిస్తా" అనేవారు. మూడుసార్లు బయలుదేరాలనుకున్నాం. మూడుసార్లూ ఆయనే వాయిదా వేశారు. నిరుడు దసరాకు అన్నం సయించడం లేదంటే డాక్టరు దగ్గరికి వెళ్లాం. కడుపులో గడ్డ అన్నారు. మార్గశిరంలో పోయారు. దసరాకు తెలిసింది, రెండు నెలల్లో అయిపోయింది అని ఏడాది పొడుగునా వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటూ వచ్చాను.

ఈ కార్తీకంలో ఆయన డైరీ తిరగేస్తే ఒక పేజీలో అలాంటి బానెట్టు దొరికే మూడు చోట్లు రాసి ఉన్నాయి. మండపేట మిల్లు. అమలాపురం షాపు. రాజోలు ఆచారి, మొదట కప్పనోరు కట్టిన పనివాడు ఈయనే. మా అమ్మాయి బెంగళూరు నుంచి ఫోన్లో, "అమ్మా, నీకు కార్ల గురించి ఏం తెలుసని వెళ్తావు?" అంది. ఏమీ తెలియదు. తెలిసిన మస్తాన్‌ను వెంటబెట్టుకుని బయలుదేరాను. అతను పాతికేళ్లుగా ఆ కారు చూసుకుంటున్న మనిషి. ఇంజను పైభాగం కొలతకు సరిగ్గా ఒక అట్ట కోసి, మడతపెట్టి చంకన పెట్టుకుని వచ్చాడు.

మండపేట

రాజమండ్రిలో రైలు దిగి మొదట మండపేట వెళ్లాం. ఊరంతా బియ్యం మిల్లులు, ధాన్యం లారీలు, గాల్లో ఊక. మా వైపు దుమ్ము ఎర్రగా ఉంటుంది. ఇక్కడ పసుపుపచ్చగా ఉండి కనురెప్పల మీద వాలుతుంది.

మిల్లు గుమస్తా వెంకట్రావుగారు మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. వచ్చిన పని చెబితే కాసేపు మా ఇద్దరి మొహాలూ చూశారు.

"కడప నుంచి ఈ బానెట్టు కోసవే వచ్చేరా అండీ?"

"అవునండి."

"ఆయ్. ఉందండి. కానీ దాంట్లో ఇప్పుడు బాతులున్నాయండి."

నిజంగానే ఉన్నాయి. మిల్లు వెనక పెరట్లో బానెట్టును వెల్లకిలా పడుకోబెట్టి నీళ్ల తొట్టి చేశారు. తూము నోటికి సిమెంటు పూశారు. కారు ఏనాడో తుక్కుకు పోయిందట, ఇది మాత్రం బాతులకు ఉంచారట. వెంకట్రావుగారు నొచ్చుకుంటూనే నీళ్లు పారబోయించారు. మస్తాన్ అట్ట విప్పి వంగేసరికి ఒక మగబాతు వచ్చి అతని పిక్క పట్టుకుంది. ఏడాదిలో మొదటిసారి నేను నోరు తెరిచి నవ్వాను. నవ్వాక ఎందుకో భయం వేసి చుట్టూ చూశాను.

రేకు జల్లెడైపోయింది. మస్తాన్ బొటనవేలితో నొక్కితే దిగబడింది. "ఇది పనికి రాదుమ్మా" అన్నాడు. వెంకట్రావుగారు మా కంటే ఎక్కువ బాధపడ్డారు. "అయ్యో, తవరు ముందే రావలసిందండి. నాలుగేళ్ల కిందట గట్టిగానే ఉండేదండి" అన్నారు. నాలుగేళ్ల కిందట మా వేపకొమ్మ ఇంకా చెట్టుకే ఉంది.

మెస్సులో భోజనం తొంభై రూపాయలు. అరిటాకు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు. మస్తాన్ పులుసు నోట్లో పెట్టుకుని, ఇది ముందు తినాల్నా చివర తినాల్నా అని నన్ను అడిగాడు. తర్వాత ఇంటి నుంచి తెచ్చుకున్న ఉల్లికారం పొట్లం విప్పాడు. వడ్డించే ఆయన పలికే ప్రతి "ఆయ్"కీ తననే పిలుస్తున్నారని తలెత్తాడు. అది పిలుపు కాదని, సరేననడమని సాయంత్రానికి గానీ అర్థం కాలేదు.

పలివెల

మర్నాడు గోదావరి వంతెన దాటి, రావులపాలెం మీదుగా కొత్తపేట చేరేసరికి వాన అందుకుంది. ఆటో అతను తడుస్తామని పలివెల గుడి ముందు ఆపాడు. శివుడు తలమీద కొప్పుతో, పక్కన అమ్మవారితో ఉండే గుడి అది. కార్తీకమాసం కదా, జనం బాగానే ఉన్నారు.

ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరగలేదు. గుడిలోకి వెళ్లకూడదు. నేను మండపం చివర స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. మస్తాన్ అట్ట తడవకుండా చొక్కా విప్పి దానికి కప్పి, ఆటోలోనే కూర్చున్నాడు.

అర్చకులు ఒకాయన పెద్దవారు, చేతిలో పళ్లెంతో అటుగా వచ్చారు. వానలో నిలబడ్డ ఆడమనిషిని చూసి, లోపలికి రావడానికి మొహమాటపడుతున్నాననుకున్నారు కాబోలు. "దూరం నుంచి వచ్చేరామ్మా? గోత్రం, దంపతుల పేర్లు చెప్పండి" అన్నారు.

చెప్పకూడదు. చెప్పేశాను. ముప్పై ఏళ్లు గుళ్లలో చెప్పిన మాటలు నోరు దానంతట అదే చెప్పేసింది. చంద్రశేఖర్, సుగుణ. ఆయన కళ్లు మూసుకుని, ఆ రెండు పేర్లూ కలిపి, ఆయుష్షు, ఆరోగ్యం కలగాలని మంత్రం చదివారు. పద్ధతిగా, ఒక్క అక్షరం మింగకుండా చదివారు. ఆపమని అనలేకపోయాను. ఆయన నా చేతిలో పెట్టిన పువ్వు తీసుకుని, "తప్పు చెప్పానండి. ఆయన లేరు" అన్నాను.

ఆ పెద్దాయన పళ్లెం కాస్త కిందికి దించారు. "చదివింది ఎక్కడికీ పోదమ్మా. ఎవరికి అందాలో వారికి అందుతుంది" అన్నారు. మళ్లీ జనంలోకి వెళ్లిపోయారు. ఆటోలోకి వచ్చాక మస్తాన్ నా చేతిలో పువ్వు చూసి, పక్కకు జరిగి చోటిచ్చాడు.

అమలాపురం

అమలాపురం షాపు మెయిన్ రోడ్డులోనే ఉంది. సీటు కవర్లు, హారన్లు, అద్దాల స్టిక్కర్లు. యజమాని సురేష్‌గారికి ముప్పై అయిదేళ్లుంటాయి. మా ఆయన ఫోను చేసిన సంగతి గుర్తుంది. "ఆయ్, కడప సారండి! మీ కోసవే ఉంచేనండి" అని పైనుంచి ఒక బానెట్టు దింపించారు. ఎర్రగా నిగనిగలాడుతోంది. నేను ఒక చేత్తో ఎత్తగలిగాను. ఫైబర్ అట. పద్నాలుగు వేలు.

మస్తాన్ తూము నోట్లో చెయ్యి పెట్టాడు. రెండంగుళాలు పోయాక చెయ్యి ఆగిపోయింది.

"లోపల మూసేసుండాదే. గాలి యాడికి పోతుంది?"

"గాలి అక్కర్లేదండి, లుక్కు కోసవండి. ఇప్పుడందరూ ఇదే పెట్టించుకుంటున్నారు."

మస్తాన్ నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. మా ఇంజను దీని కింద పట్టదు, పట్టినా ఉడికిపోతుంది. సురేష్‌గారు నొచ్చుకోలేదు. పైగా రాజోలు ఆచారిగారి షెడ్డు ఎక్కడుందో బొమ్మ గీసి మరీ ఇచ్చారు. "చూపు తగ్గిందండి పాపం. ఫోను కూడా కాలవలో పడిపోయిందట. ఉన్నారో లేరో అనుకోకండి, ఉన్నారండి" అన్నారు. నేను వారం రోజులుగా చేస్తున్న ఫోను ఎందుకు మోగలేదో అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం కాలవ గట్టు మీద జారి నా ఎడమకాలి చెప్పు నీళ్లలో పడింది. గుర్రపుడెక్క ఆకుల మధ్య నుంచి తాపీగా వెళ్లిపోయింది. మా ఊళ్లో కాలవలో పడ్డ చెప్పు పడ్డచోటే ఉంటుంది. నీళ్లుండవు కదా. నూట ఎనభై పెట్టి కొత్త జత కొనుక్కున్నాను.

మర్నాడు పొద్దున్న రాజోలు వెళ్తూ దారిలో అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకులు బుట్టలా కుట్టి అందులో ఇడ్లీపిండి పోసి ఉడికిస్తారు. ఆకు విప్పితే ఆ వాసన పిండికి పట్టి ఉంటుంది. మా ఆయన పెళ్లయిన కొత్తలో వీటి గురించి చెప్పి, నాచేత మోదుగాకుల్లో ప్రయత్నం చేయించారు. చేదొచ్చింది. ఇద్దరం కలిసి పారబోశాం. ఆ సంగతి మస్తాన్‌కు చెప్పబోయి మానేశాను. రెండో ప్లేటు తెప్పించుకున్నాను.

రాజోలు

ఆచారిగారి షెడ్డు కొబ్బరితోట అంచున ఉంది. పైన రేకు, చుట్టూ తాటాకు దడి. లోపల సుత్తి చప్పుడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి నేలమీద కూర్చుని, మడ్‌గార్డు ఒకటి ఒళ్లో పెట్టుకుని, కళ్లతో కాక అరచేత్తో చూస్తూ కొడుతున్నారు. మస్తాన్ గుమ్మంలో నిలబడి, "పెద్దాయనా, కడప నుంచి వచ్చినామయ్యా, అంబాసిడర్ బానెట్టుకు" అన్నాడు.

సుత్తి ఆగింది. ఆచారిగారు ఆ వెలుతురు వైపు మొహమెత్తారు. మొహమంతా నవ్వు.

"శేఖర్ గారూ! వచ్చేరా అండీ? ఎన్నాళ్లకండీ! నాకు తెలుసండి వస్తారని. అమ్మగారిని కూడా తీసుకొచ్చేరా?"

గుమ్మంలో మస్తాన్ ఆకారమే కనపడుతోంది ఆయనకు. మా ఆయనదీ మస్తాన్‌దీ మాట యాస ఒకటే. నేను ముందుకు వెళ్లి ఆయనెదురుగా నేలమీద కూర్చున్నాను.

"ఆచారిగారూ, నేను వాళ్లావిడను. ఈయన మస్తాన్, మా మెకానిక్. ఆయన నిరుడు మార్గశిరంలో పోయారండి."

ఆయన నవ్వు వెంటనే పోలేదు. మాట చెవిలో పడి లోపలికి వెళ్లేదాకా అలాగే ఉండి, మెల్లగా ఆరిపోయింది. మడ్‌గార్డు పక్కన పెట్టారు. తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. తువ్వాలు తీయకుండానే, "ఫోను నీళ్లలో పడిపోయిందండి. లేకపోతే నేను చేసేవాణ్ణండి" అన్నారు, అదేదో తన తప్పయినట్టు.

కోడలు కాఫీ తెచ్చి ఇచ్చింది. తర్వాత ఆచారిగారు లేచి, గోడ పట్టుకుని నడుస్తూ, మూల గోనెపట్టా కింద ఉన్న రెండు బానెట్లు చూపించారు. ఒకటి పూర్తయింది. భీమవరం వైపు రొయ్యల చెరువుల ఆసామి ఒకరు చేయించుకున్నారట. చెరువులు దెబ్బతిని ఆయన బండి అమ్మేసుకున్నాక ఇది మిగిలిపోయింది. "లోపల చెయ్యి పెట్టి చూడండమ్మా. గరుకు తగిలితే చెప్పండి" అన్నారు. తూములోకి నా చెయ్యి మోచేతి దాకా పోయింది. ఎక్కడా అతుకు తగల్లేదు. మట్టికుండ లోపలి భాగంలా ఉంది.

"రెండోది శేఖర్ గారిదండి" అన్నారు.

అది సగంలో ఆగిన పని. బానెట్టుకు నడుమ కోత పడింది, తూము విడిగా సాగగొట్టి ఉంది, అతకలేదు. దానితో పాటు ఒక అట్ట కూడా ఉంచారు. మా ఆయన కొరియర్లో పంపిన కొలత. అట్ట మీద ఆయన చేతిరాత. ముందు. వెనక. ఎడమ. మస్తాన్ వెంటనే తన అట్ట విప్పి దాని మీద పరిచాడు. జరిపాడు. తిప్పాడు. మళ్లీ పరిచాడు.

"సరిపోలేదుమ్మా. ఎడమ పక్క అంగుళం తక్కువుండాది."

"అలా ఉండదు" అన్నాను. "నీ కొలతే తప్పయి ఉంటుంది. ఆయన చొక్కా గుండీ కూడా కొలిచి కుట్టించుకునే మనిషి."

అట్ట మీద గీత ఎడమవైపు వచ్చేసరికి వంకరపోయి ఉంది. అప్పుడు గమనించాను.

ఆచారిగారు మెల్లగా అన్నారు. "ఇది పంపేసరికే ఒంట్లో బాగోలేదు కదమ్మా. చేతులు వణుకుతున్నాయని చెప్పేరు."

"ఎప్పుడు పంపారు?"

"వైశాఖంలోనండి. ఉగాదికి ముందే డాక్టరు చెప్పేశారట కదండి, గడ్డ ఉందని, కొయ్యడానికి కూడా లేదని."

దసరాకు తెలిసిందని ఏడాదిగా అందరికీ చెబుతున్నాను. ఉగాది నుంచి దసరా దాకా ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ ఆయన నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నారు. అల్లుడి ఉద్యోగం గురించి, నీళ్ల ట్యాంకు గురించి మాట్లాడారు. రాజోలులో రేకు పని చేసుకునే మనిషికి తెలుసు. పక్కన పడుకునే నాకు తెలియదు.

"మీకు చెప్పి నాకు చెప్పలేదా" అన్నాను.

ఆచారిగారు భయపడిపోయారు. "తప్పు మాట్లాడేనేమో అమ్మా. మీకు ఇక్కడికి తీసుకొచ్చి చెబుతానన్నారండి. గోదావరి ఒడ్డున కూర్చోబెట్టి చెబుతాను ఆచారిగారూ, అప్పటిదాకా బానెట్టు మెల్లగా చెయ్యండి, తొందరేం లేదు అన్నారు. ముందే చెప్పచ్చు కదండీ అని నేనొకసారి అడిగేనండి. ఇంట్లో ఒక్క మనిషైనా నన్ను మామూలుగా తిట్టాలి కదా ఆచారిగారూ అన్నారు."

నేను మస్తాన్ వైపు చూశాను. అతను అట్ట మడతపెడుతూ ఉన్నాడు, మడిచిందే మళ్లీ మడుస్తూ.

"మస్తాన్. నీకు తెలుసా?"

అట్ట నేలమీద పెట్టాడు.

"తెల్సుమ్మా. తిరుపతిలో డాక్టరు కాడికి పిల్చుకపోయింది నేనే. సారు ఒట్టు పెట్టించుకున్యాడు."

నేను లేచి షెడ్డు బయటికి వచ్చేశాను. కొత్త చెప్పులు కూడా వేసుకోలేదు.

తాటిపాక

ఆ రాత్రి లాడ్జిలో నేనున్నది ఒక గది, మస్తాన్‌ది ఇంకో గది. పొద్దున్న అతనికి చెప్పకుండా షేరాటో ఎక్కి తాటిపాక వెళ్లాను. మా ఆయన ఇరవై నాలుగేళ్ల వయసులో నాలుగేళ్లు బతికిన ఊరు. ప్రహరీల వెనక గొట్టాలు, ట్యాంకులు, గేటు దగ్గర తలకు టోపీలు పెట్టుకున్న మనుషులు. లోపలికి వెళ్లే హక్కు నాకు లేదు. సెంటర్లో టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాను.

కొట్టు నడిపే ఆవిడకు నలభై అయిదేళ్లుంటాయి. మా ఆయన ఇక్కడ పని చేసేవారని, బూడిదరంగు అంబాసిడర్ ఉండేదని చెప్పాను.

"ఎంతమంది వచ్చేరో, ఎంతమంది వెళ్లేరో అండీ. మా అత్తగారుంటే చెప్పేదేమో. ఆవిడకి మనుషులు పేరుతో కాదండి, ఏం తాగుతారో దాంతో గుర్తుండేవారు. మీ ఆయన ఏం తాగేవారు?"

"అల్లం టీ. పంచదార తక్కువ."

ఆవిడ అడగకుండానే అదే పెట్టి ఇచ్చింది. పది రూపాయలు. నేను ఆ టీ తాగుతూ ఆయన మీద ఎంత కోపం రావాలో అంతా తెచ్చుకున్నాను. ఆ ఆరు నెలల్లో ఆయనను ఎన్నిసార్లు తిట్టానో లెక్కపెట్టుకోబోయాను. వరండాలో గ్రీసు మరకలకు, అన్నం వదిలేసినందుకు, మూడుసార్లు ప్రయాణం మానినందుకు. తెలిసుంటే ఒక్క మాట కూడా అనేదాన్ని కాదు. కాళ్ల దగ్గర కూర్చునేదాన్ని. మంచం దిగనిచ్చేదాన్ని కాదు, కారు ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. మా అమ్మాయి ఉద్యోగం మానేసి వచ్చి కూర్చునేది. ఇల్లంతా ఆసుపత్రి అయ్యేది. అది ఆయనకు తెలుసు. ముప్పై ఏళ్లు నాతో కాపురం చేసిన మనిషికి తెలియదా.

తెలుసని కోపం పోలేదు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. చెప్పి ఉంటే ఆ ఆరు నెలలూ ఆయన ఒంటరిగా మోయాల్సి వచ్చేది కాదు. నా వంతు నాకు ఇవ్వలేదు. టీ గ్లాసు తిరిగి ఇస్తుంటే ఆవిడ, "ఏవన్నా ఒంట్లో బాగోలేదా అమ్మా, కాసేపు కూర్చోండి" అంది. కూర్చున్నాను. రెండు ఆటోలు వెళ్లిపోయాక లేచాను.

మళ్లీ షెడ్డులో

నేను వెళ్లేసరికి మస్తాన్ అక్కడే ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆచారిగారు సగం చేసిన బానెట్టును బయట ఎండలో పెట్టించి ఉంచారు.

"రాత్రంతా ఆలోచించేనండి. ఇక్కడ కోసి అంగుళం రేకు అతికిస్తే సరిపోతుంది. రెండ్రోజులుంటే చేసిస్తానమ్మా. శేఖర్ గారు చెప్పిన పని, డబ్బులేం వద్దు."

"అదే తీసుకుందాముమ్మా" అన్నాడు మస్తాన్. ముందు రోజు తర్వాత నాతో అతను మాట్లాడిన మొదటి మాట. "సారు కోరి చేయించుకున్యాడు."

నేను ఆ బానెట్టు పక్కన కూర్చున్నాను. అట్ట మీద వంకరపోయిన గీతను వేలితో తడిమాను. పక్కన నిలబడి ఉంటే ఆ అట్ట చివర పట్టుకునేదాన్ని కదా అనిపించింది. ఆయన కారు షెడ్డులో ఒక్కరే వంగి గీస్తున్నప్పుడు నేను వంటింట్లో ఏం చేస్తున్నానో.

"అతికిస్తే కనపడుతుందా ఆచారిగారూ?"

ఆయన అబద్ధం ఆడలేదు. "రంగు వేస్తే కళ్లకి కనపడదండి. చేతికి తెలుస్తుంది. మూత పడేటప్పుడు ఎడమవైపు కాస్త పట్టేస్తుంది."

"అయితే వద్దు" అన్నాను. "సరిగా మూత పడని బానెట్టుతో ఆయన కారు గేటు దాటించరు. ఆ పూర్తయినదే ఇవ్వండి."

మస్తాన్ పూర్తయిన బానెట్టు మీద తన అట్ట పరిచాడు. నాలుగు మూలలూ కలిశాయి. ఆచారిగారు దాన్ని ఒకసారి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అరచేత్తో తడిమారు, పెళ్లికూతురికి పసుపు రాసినంత జాగ్రత్తగా. డబ్బు మాత్రం నేను బలవంతంగా ఇచ్చాను.

"మరి ఇది?" అన్నారు, సగం చేసినదాన్ని చూపించి.

"ఇంకో బండికి పనికొస్తే కోసి వాడుకోండి. ఊరికే ఉంచకండి. అట్ట నాకివ్వండి."

ఆయన అట్ట దుమ్ము దులిపి నా చేతుల్లో పెట్టారు. గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. "ఈసారి ఆ కారులోనే రండమ్మా. చప్పుడు విని గుర్తుపడతాను" అన్నారు.

వశిష్ఠ ఒడ్డున

బానెట్టును కొబ్బరిపీచు మధ్య పెట్టి ట్రాలీ ఆటోకు కట్టించాం. రాజమండ్రి వెళ్లి అక్కడ లారీకి ఎక్కించాలి. ఇంకా మధ్యాహ్నమే. డ్రైవరును వశిష్ఠ గోదావరి రేవు దగ్గర కాసేపు ఆపమన్నాను.

మా పెన్నలో నీళ్లొచ్చిన రోజున ఊరంతా చూడటానికి వెళ్తాం. ఇక్కడ అంత నీళ్లు పారుతుంటే ఎవరూ చూడటం లేదు. ఒకాయన పడవలో కూర్చుని వల చిక్కులు తీసుకుంటున్నాడు. నేను మెట్టు మీద కూర్చున్నాను. మస్తాన్ నాలుగు మెట్లు ఎగువన నిలబడ్డాడు.

"ఇట్రా, కూర్చో" అన్నాను. "ఆ తిరుపతి పోయిన రోజు సంగతి చెప్పు. ఒక్కటి కూడా వదలొద్దు."

అతను వచ్చి పక్క మెట్టు మీద కూర్చున్నాడు. "ఇప్పుడెందుకుమ్మా."

"ఆయన ఇక్కడే చెప్తానన్నారంట కదా. ఆయన లేరు. నువ్వు చెప్పు."

మస్తాన్ చెప్పాడు. తెల్లారి అయిదింటికి మస్తాన్ తెచ్చిన ఇంకో కారులో బయలుదేరారట. గేరుబాక్సు సామాను కోసమని నాకు చెప్పారు, అది నాకు గుర్తుంది. డాక్టరు మస్తాన్‌ను బయట కూర్చోమన్నాడట. అరగంటకు మా ఆయన వచ్చి పక్కన కూర్చుని, "టీ తాగుదాం పా" అన్నారట. టీ కొట్టు దగ్గర మొత్తం చెప్పారట, కారులో ఏ పార్టు పోయిందో చెప్పినట్టు. మస్తాన్ ఏడిస్తే, "నువ్వు ఏడ్చుకుంట నడిపితే ఈ రోజే పోతాం" అన్నారట. కోడూరు దగ్గర బండి ఆపించారు. మర్నాడు ఉగాది. పచ్చడికి మామిడికాయలు ఏరి ఏరి కొన్నారు. వేపపువ్వు అడిగితే అంగడి ఆయన ఊరికే ఇచ్చాడు.

"ఇంటి ముందర దింపినా. గేటు కాడ నిలబడి మొగం తుడుచుకున్యాడు. చొక్కా సర్దుకున్యాడు. 'యాలస్యమెందుకయిందంటే పంచరని చెప్తా, నువ్వూ అదే చెప్పు' అన్యాడు. సంచీ పట్టుకొని లోపలికి పోయినాడు. అంతేమ్మా. ఆడికే నాకు తెల్సు."

నీళ్ల మీద నుంచి గాలి వచ్చింది. పడవలో ఆయన వల దులిపి మళ్లీ ఒళ్లో వేసుకున్నాడు.

గేటు లోపలి సంగతి మస్తాన్‌కు తెలియదు. అది నాకు తెలుసు. గేటు దగ్గర్నుంచి నేను చెప్పాను. పంచరు అన్నారు. ఇంత పొద్దుపోయాక ఏ కొట్టు తీసుంటుందని నేను కసిరాను. ఆయన వంటింట్లోకి వచ్చి, కత్తిపీట లాక్కుని కూర్చున్నారు. కాయలన్నీ తానే తరిగారు. సన్నగా, ఒకే కొలతలో, ఒక్కొక్క ముక్కా. ముప్పై ఏళ్లలో ఎన్నడూ కత్తిపీట ముందు కూర్చున్న మనిషి కాదు. "ఏందివాళ ఇంత బుద్ధి పుట్టింది" అని నేను నవ్వాను.

"సారేమన్యాడమ్మా?" అని అడిగాడు మస్తాన్.

"ఏమీ అన్లేదు" అన్నాను. "ఒక ముక్క ఉప్పద్ది నా నోట్లో పెట్టినాడు."